విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌కి నెట్‌వర్క్ వైరు ఉంచొచ్చా?

చిక్కడపల్లి ఫ్లెక్స్:
అన్నా, మాది స్టిక్కర్ల షాపు. కటింగ్ మిషన్ డ్రైవర్ ఎక్స్‌పీలోనే పనిచేస్తది. వినాయక చవితి ఆర్డర్లు నెత్తి మీదున్నయి. మా డిజైన్ పిల్లోడేమో ఎస్‌ఎంబీల, అదే నెట్‌వర్క్‌ల ఫైళ్లు పంచుకునే దాంట్ల, బగ్ ఉంది, వైరు పీకెయ్యమంటున్నడు. అందులో మెయిల్ చూడం, లింకులు నొక్కం. అయినా ప్రమాదమేనా?

పాత అడ్మిన్:
ప్రమాదమే. నువ్వేం నొక్కక్కర్లేదు, అదే దీని దరిద్రం. ఫైల్ షేరింగ్ 445 పోర్టు అనే నెట్‌వర్క్ తలుపు దగ్గర వింటూ కూర్చుంటుంది. 4 బైట్ల సైజును దిద్దాల్సిన చోట ఆ ఫైల్ షేరింగ్ డ్రైవర్ (నీ మిషన్‌ది కాదు) 2 బైట్లే దిద్దుతుంది. సోలెడు డబ్బాలో మానెడు బియ్యం పోసినట్టు, డేటా పక్క మెమరీలోకి పొర్లుతుంది. దాంతో దాడి చేసేవాడు విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే తన కోడ్ నడిపిస్తాడు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై 2017 మేలో పాకింది ఇలాగే. నిజానికి ఎక్కువ దెబ్బ విండోస్ 7కి. ఎక్స్‌పీ చాలాసార్లు నీలం తెరతో పడిపోయేది. పడిపోయినా నీ చవితి గోవిందా! ఎక్స్‌పీ సపోర్ట్ 2014లోనే ఆగినా మైక్రోసాఫ్ట్ ఈ లోపం సరిచేసే ప్యాచ్ ఇచ్చింది: కేబీ4012598.

మౌలాలి:
ప్యాచ్ వేసినా వైరు పీకెయ్ భాయ్. పెట్టగానే దానంతటదే ప్రోగ్రాం నడిపే ఆటోరన్ ఆపేసి పెన్‌డ్రైవ్ వాడు.

చిక్కడపల్లి ఫ్లెక్స్:
పెన్‌డ్రైవ్‌లు మా షాపుల నిలువవు అన్నా, ఎవడో ఒకడు జేబులేసుకపోతడు. ప్యాచ్ వేసిన. వైరు సంగతి రాత్రికి చూస్త, ఇప్పుడు మిషన్ కోస్తున్నది.