బ్యాంకు జాబ్ వచ్చింది, సిబిల్ బాలేదు. జాయినింగ్ ఇస్తారా?

చంద్రగిరి_కుర్రాడు:
క్లర్క్ అలాట్‌మెంట్ వచ్చింది. బీటెక్ ఎడ్యుకేషన్ లోన్ కంతులు కొన్ని ఆగినాయి, సిబిల్ స్కోరు (అప్పులు ఎట్లా కడుతున్నామో చూపే మార్కు) 600 కూడా లేదు. జాయినింగ్ రోజు వెనక్కి పంపేస్తారా? ఇంకోటి, శ్రీసిటీలో ఒక ప్రైవేటు కంపెనీ కూడా సిబిల్ రిపోర్టు అడుగుతోంది. వాళ్లకా హక్కుందా?

లీలామహల్_సెంటర్:
ముందు స్కోరు చూసుకోవడం మానెయ్ తమ్ముడూ. చూసినప్పుడల్లా తగ్గుతుంది. మా బావమరిదికి అట్లే పడిపోయింది.

మాజీ_మేనేజర్:
తప్పు. ముప్పై ఏళ్లకు పైగా లోన్ ఫైళ్లు చూసిన వాణ్ణి. మన రిపోర్టు మనం చూసుకుంటే ఒక్క పాయింటు తగ్గదు. లోనుకో కార్డుకో అప్లై చేస్తే అవతలి సంస్థ తీసే రిపోర్టే ఎంక్వైరీగా పడుతుంది, స్కోరు తగ్గేది దానికే. మీ బావమరిది ఎక్కడ అప్పు అడిగాడో కనుక్కోండి.

లీలామహల్_సెంటర్:
మా ఇంట్లో ఎవరు అప్పు అడిగారో మీకెందుకు సార్? వాడు ఎక్కడా అడగలేదు.

మాజీ_మేనేజర్:
రిపోర్టు చివర ఎంక్వైరీల పట్టీ ఉంటుంది, సంస్థ పేరు, తేదీతో సహా. అది చూసి మాట్లాడండి. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి ఆర్‌బీఐ రూలే ఉంది.

లీలామహల్_సెంటర్:
చూశాం. ఏదో యాప్ పేరుంది. 'ప్రీ అప్రూవ్డ్' అని మెసేజ్ వస్తే నొక్కినాడంట. అది కూడా అప్లై చేసినట్టేనా?

మాజీ_మేనేజర్:
నొక్కి వివరాలిస్తే అప్లై చేసినట్టే.

పలమనేరు_అన్న:
యాప్ అంటే గుర్తొచ్చింది. 'సగం కట్టు, క్లోజ్ చేస్తాం' అన్న రికవరీ వాళ్ల మాట నమ్మొద్దండి. నేను కడితే రిపోర్టులో 'క్లోజ్డ్' బదులు 'సెటిల్డ్' (పూర్తిగా కట్టకుండా రాజీ చేసుకున్నట్టు) అని రాసినారు. బ్యాంకు వెరిఫికేషన్‌లో దాని మీదే నిలబెట్టినారు. మిగతాది కూడా కట్టి లెటర్ తెచ్చేదాకా ఇంట్లో అందరికీ టెన్షనే.

కోచింగ్_బాలాజీకాలనీ:
అబ్బాయి అడిగిందేంటి, మీరు కొట్లాడుకునేదేంటి? తమ్ముడూ, నీ బ్యాచ్ ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాల పరీక్ష పెట్టే సంస్థ) నోటిఫికేషన్‌లో క్రెడిట్ హిస్టరీ పేరా చదువు. రిపోర్టు బాలేకపోతే, అందులో చెడుగా చూపిన లోన్ ఖాతాలో బాకీ లేదని అప్పిచ్చిన బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్) తెమ్మంటారు. అదీ లేకపోతే ఆఫర్ రద్దు కావచ్చు. ఎస్‌బీఐ ఇంకా గట్టిది. అప్పులన్నీ తీర్చేశానని ఒకతను వాదించినా, పాత ఎగవేతల వల్ల నియామకం రద్దు చేయడం సరైనదేనని 2025 జూన్‌లో మద్రాస్ హైకోర్టు చెప్పింది.

చంద్రగిరి_కుర్రాడు:
ఉద్యోగం వస్తేనే కదా సార్ కంతు కట్టేది! లోన్ కట్టలేదని ఉద్యోగం ఆపితే ఆ లోన్ ఎవరు కడతారు?

డల్లాస్_మదనపల్లి:
అమెరికాలో అయితే ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ఉంది. ఉద్యోగమిచ్చే కంపెనీ మన రిపోర్టు తీయాలంటే ముందు మన రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రిపోర్టు చూసి వద్దనుకుంటే, తిరస్కరించే ముందే దాని కాపీ, మన హక్కుల పత్రం ఇవ్వాలి.

కాణిపాకం_అక్క:
అమెరికా సంగతి ఇక్కడ ఏం ఉపయోగం నాయనా? మా ఆయన తోడల్లుడి ట్రాక్టరు లోన్‌కు జామీను సంతకం పెట్టినాడు. లోన్ తీరిపోయినా మా ఆయన రిపోర్టులో బాకీ అట్లే ఉండిపోయింది. రసీదులు పెట్టి కంప్లయింట్ ఇచ్చినా. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూలుంది. గడువు దాటింది, డబ్బు అడిగి మరీ తీసుకున్నాం.

లీలామహల్_సెంటర్:
అక్కా, యాప్ ఎంక్వైరీ కూడా అట్లా తీయించొచ్చా?

శ్రీసిటీ_హెచ్‌ఆర్:
ప్రైవేటు కంపెనీ గురించి ఎవరూ చెప్పలేదు. సిబిల్ లాంటి క్రెడిట్ సమాచార సంస్థల 2005 చట్టం ప్రకారం మాలాంటి కంపెనీలు సిబిల్ నుంచి నేరుగా రిపోర్టు తీయలేవు. అందుకే అభ్యర్థినే తెమ్మంటారు. ఎందుకు, ఏ పోస్టుకు అని మెయిల్‌లో అడుగు. డబ్బు చేతిలో ఆడని పోస్టుకు అడగడం అన్యాయమని మా ఆఫీసులో కూడా చెప్పినాను.

చంద్రగిరి_కుర్రాడు:
మెయిల్ పెడతాను మేడమ్. ఎన్‌ఓసీకి బ్రాంచికి ఏం తీసుకుపోవాలి?

పలమనేరు_అన్న:
అలాట్‌మెంట్ లెటర్, లోన్ స్టేట్‌మెంట్, ఆధార్. ఆగిన కంతులకు ఎంత కట్టాలో రాతలో అడుగు, నోటిమాట తీసుకోకు.