అనంతగిరి వాగులో జనవరిలో పారే నీళ్లు ఎక్కడివి?

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. మా మేడంతో కలిసి వికారాబాద్ దగ్గర, మూసీ పుట్టే అనంతగిరి కొండల్లో ఓ చిన్న వాగు మీద పనిచేస్తున్నాం. వానలు ఆగి నెలలైనా రాళ్ల సందున వేలెడు మందాన నీళ్లు పారుతూనే ఉన్నాయి. మొన్న మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలాయి. ఇవి భూగర్భజలాలేనని ఎలా తేల్చాలి? కండక్టివిటీ మీటరు (నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచేది), థర్మామీటరు మాత్రమే ఉన్నాయి.

జవాబు 1: మొదలుపెట్టడానికి అవి చాలమ్మా. రాతిలో నిలవున్న నీళ్లు ఖనిజాలను కరిగించుకుంటాయి కాబట్టి వాననీటి కంటే కండక్టివిటీ ఎక్కువ. ఉష్ణోగ్రత తెల్లారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడు. ఊట దగ్గర పెద్దగా మారదు. అక్కడ పైన నీళ్లు ఇంకే ఎర్రటి లాటరైట్ రాయి, కింద గట్టి నల్లటి బసాల్ట్ రాయి. పైనుంచి ఇంకిన నీళ్లు ఆ రెండూ కలిసే చోట బయటపడొచ్చు, అక్కడ తప్పకుండా వెతుకు.

జవాబు 2: వీలైతే రేడాన్ (రాళ్లలోంచి భూగర్భజలాల్లోకి చేరే రేడియోధార్మిక వాయువు) కూడా కొలిపించండి. దాని అర్ధజీవితకాలం (సగం తరిగిపోవడానికి పట్టే సమయం) 3.8 రోజులే, పైగా బయటికి రాగానే గాలిలో కలిసిపోతుంది. వాగులో అది ఎక్కువగా ఉన్న చోటుకి దగ్గర్లోనే ఊట ఉంటుంది.

అడిగినవారు: థాంక్యూ సార్! ఆదివారం వెళ్లొచ్చాం. మర్రిచెట్టు కింద రెండుసార్లూ థర్మామీటరు దాదాపు ఒకేచోట నిలిచింది. మేడం వెంటనే ఆ రాయికి సుద్దతో గుర్తు పెట్టారు.