లూథరన్ వేదాంత పత్రిక ఎవరికోసం? బాప్టిస్టువాడి సందేహం

కంటోన్మెంట్ కుర్రాడు (విజయనగరం):

అందరికీ వందనాలు. మాది తాతల కాలం నుంచీ కెనడియన్ బాప్టిస్టు మిషను గుడి. మా మావయ్యకి తెలిసిన రిటైర్డు లూథరన్ అయ్యగారు ఒకరు సాలూరులో ఇల్లు మారుతూ ఒక పుస్తకాల పెట్టె నాకిచ్చేశారు. అందులో సగం ఇంగ్లీషు వేదాంత పత్రికలే. మూడు నెలలకోసారి వచ్చేవి. సాక్ష్యాలు లేవు, ప్రార్థన మనవులు లేవు, మహాసభల ఫొటోలు లేవు. ఒక్కో పేజీలో సగం దాకా చిన్నక్షరాల ఫుట్‌నోట్లే.

ఒక వ్యాసంలో లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 9వ అధికరణం ఎత్తి, పసిపిల్లల బాప్తిస్మం వద్దనే అనాబాప్టిస్టుల్ని ఖండిస్తున్నామని రాశారు. నేను పెద్దయ్యాక నాగావళిలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి. ఇది నన్నేనా అనేది? అసలు ఈ పత్రికలు ఎవరు చదువుతారు? దెబ్బలాడుకోడానికేనా? అన్నట్టు, ఆ ఫుట్‌నోటు పక్కన అయ్యగారు పెన్సిల్‌తో తెలుగులో ‘ఆదివారం వాడొచ్చు’ అని రాసుకున్నారు. ఏం వాడారో నాకు అంతుపట్టలేదు.

కళింగ రోడ్ (శ్రీకాకుళం):

బ్రదర్, బైబిలు ఒక్కటి చాలు. మిగతావి కాగితాల షాపులో తూకానికి వేసెయ్యండి.

సాలూరు మాస్టారు:

బాబూ, వెయ్యకు. నేను పుట్టింది, పెరిగింది లూథరన్ గుడిలోనే. జర్మనీ బ్రెక్లుమ్ నుంచి వచ్చిన మిషనరీలు జయపూరు వైపు, మా సాలూరు వైపు పెట్టిన సంఘాలవి. ఆ పత్రికలు అయ్యగారి దగ్గర తెచ్చుకుని నేనూ చదివేవాణ్ణి, సగం అర్థమయ్యేది, సగం కాదు.

ముందు ఒక సంగతి తెలియాలి. 1530 జూన్ 25న ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఐదో చార్లెస్ ముందు లూథరన్ రాజులూ పట్టణాలూ తమ విశ్వాసాన్ని 28 అధికరణాలుగా చదివించారు. దానితోపాటు మార్టిన్ లూథరు రాసిన ప్రశ్నోత్తరులు (విశ్వాసం నేర్పే పుస్తకాలు), ఇంకొన్ని కలిపి 1580లో ఒకే పుస్తకంగా వేశారు. అయ్యగారికి అభిషేకం ఇచ్చేటప్పుడు వీటికి కట్టుబడతానని ప్రమాణం చేయిస్తారు. కొందరు ‘ఇవి వాక్యంతో (బైబిలుతో) ఎంతవరకు పొసగితే అంతవరకు’ అని ప్రమాణం చేస్తారు. మరికొందరు ‘ఇవి వాక్యంతో పొసగుతున్నాయి కాబట్టే’ అంటారు. ఈ రెండోవాళ్ళే నీ పెట్టెలో పత్రికలు నడిపేది. మొదటి రకం ప్రమాణం ఎవడైనా దేనికైనా చెయ్యొచ్చు, అందులో కట్టుబాటేముంది అని వాళ్ళ వాదన. నాకూ అది సబబుగానే తోస్తుంది.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. 1817లో ప్రష్యా రాజు లూథరన్లనీ, కాల్విన్ బోధ పట్టుకున్న రిఫార్మ్‌డ్ వాళ్ళనీ ఒకే సంఘంగా కలిపెయ్యడం మొదలుపెట్టాడు. ఒప్పుకోనివాళ్ళలో కొందరు అమెరికాకీ, ఆస్ట్రేలియాకీ వలసపోయారు. సాక్సనీ నుంచి అమెరికా వెళ్ళిన ఇంకో గుంపులో వాల్తర్ అనే ఆయన 1855లో ‘లేరె ఉండ్ వేరె’ అనే పత్రిక పెట్టాడు. 1929 దాకా నడిచింది. ఇప్పటి వాటిలో ‘లోగియా’ 1992 నుంచి వస్తోంది, దాని సంచికల పేర్లు నెలల్ని బట్టి కాదు, ఎపిఫనీ, ఈస్టరు కాలం, త్రిత్వం, రిఫర్మేషన్ అని సంఘ కాలాల్ని బట్టి ఉంటాయి.

ఇక నీ 9వ అధికరణం. పదహారో శతాబ్దంలో ఆ అనాబాప్టిస్టుల్ని నీళ్ళలో ముంచి చంపారు, కాల్చారు. 2010లో స్టుట్‌గార్ట్ సభలో లూథరన్ ప్రపంచ సమాఖ్య, ఆ అనాబాప్టిస్టుల వారసులైన మెన్నొనైట్లని ఆ హింసకి క్షమాపణ అడిగింది. మరి అధికరణం మాటేమిటి? హింస తప్పని ఒప్పుకుని బోధ మాత్రం అలాగే ఉంచగలమా? ఖండించింది బోధనా, మనుషుల్నా? ఆనాటి వాళ్ళని అన్న మాట నీలాంటి బాప్టిస్టుకి తగులుతుందా? ఇలాంటివి ఆదివారం ప్రసంగంలో తేలవు, మహాసభలో చేతులెత్తితే అసలే తేలవు. ఒకడు గ్రీకు, లాటిన్ మూలాలు చూసి వ్యాసం రాస్తాడు, సంపాదకుడు నలిగే దాకా ప్రశ్నలు వేస్తాడు, అచ్చయ్యాక ఇంకొకడు ఉత్తరం రాసి ఫలానా మూలం తప్పుగా ఎత్తావంటాడు. ఆ ఫుట్‌నోట్లన్నీ అందుకే. 1999 అక్టోబరు 31న కథోలికులతో ‘నీతిమంతులుగా తీర్చబడుట’ అనే బోధ మీద ఉమ్మడి ప్రకటనకి సంతకాలైనప్పుడూ ఇంతే. ఇద్దరూ ఒకే మాట వాడుతున్నారు సరే, ఒకే అర్థంలో వాడుతున్నారా అని ఈ వర్గం రచయితలు నిలదీశారు.

తగువులు లేవనను. కొవ్వొత్తులు ఎన్ని, వస్త్రాలు ఏ రంగు అని పేజీలకి పేజీలు నింపేవాళ్ళూ ఉన్నారు. ఇంకా నాకు ఒళ్ళు మండేది ఏమిటంటే, మన తెలుగు సంఘాల ఊసు వాటిలో దాదాపు కనపడదు.

అయ్యగారి పెన్సిలు రాత అంటావా, ఆయన కన్ఫర్మేషన్‌కి (విశ్వాసాన్ని సొంతంగా ఒప్పుకునే ఆచారానికి) తయారయ్యే పిల్లలకి ఆదివారం మధ్యాహ్నం లూథరు చిన్న ప్రశ్నోత్తరి చెప్పేవారు. అందులో బాప్తిస్మం గురించి ‘నీళ్ళు అంత గొప్ప పని ఎలా చేస్తాయి?’ అన్న ప్రశ్న దగ్గర పిల్లలు తెల్లమొహం వేసేవారు. దానికి ఉదాహరణేదో దొరికి ఉంటుంది.

నువ్వు వెనక నుంచి చదువు. పుస్తక సమీక్షలు, ఉత్తరాలు ముందు, వ్యాసాలు తర్వాత.

కళింగ రోడ్:

మాస్టారూ, బైబిలు చాలదా అన్నాను. దానికి జవాబు రాలేదు.

సాలూరు మాస్టారు:

చాలు నాయనా. నువ్వూ ఈ బాప్టిస్టు అబ్బాయీ నేనూ ముగ్గురం అదే బైబిలు చదివి బాప్తిస్మం దగ్గర మూడు మాటలంటున్నాం. ఎవరేం అంటున్నారో కాగితం మీద పెట్టమనే వీళ్ళ గోల.

కంటోన్మెంట్ కుర్రాడు:

థాంక్సండీ మాస్టారూ. సమీక్షలు మొదలుపెట్టాను, ఒకాయన ఇంకొకాయన పుస్తకాన్ని ఉతికి ఆరేశాడు, భలే ఉంది. ఒక్క డౌటు. సువార్త బోధలోనూ సంస్కారాలలోనూ ఏకీభవిస్తే ఐక్యతకి అది చాలు అని 7వ అధికరణం అంటోంది కదా. మరి 1947లో వేర్వేరు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు లూథరన్లు ఎందుకు చేరలేదు?

సాలూరు మాస్టారు:

ఆ ‘ఏకీభవిస్తే’ దగ్గరే బండి ఆగింది. ప్రభు భోజనంలో మనకి అందేదేమిటి, బిషప్పు తప్పనిసరా అని ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇరువైపులా కూర్చుని చర్చించారు. ఇదంతా ఫోన్లో టైపు చెయ్యడం నావల్ల కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక సాలూరు వచ్చెయ్యి, 10వ అధికరణం చదువుకుని మరీ రా.