హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) సోలార్ సైకిల్ ట్రాక్ సరే, ఊళ్లో నడిచే దారి సంగతేంటి?

పాదచారి_మియాపూర్: 2023లో తెరిచిన ఓఆర్‌ఆర్ ట్రాక్‌ను వాతావరణానికి మేలు చేసే పనుల లెక్కలో వేయొద్దు. 23 కి.మీ., పైన 16 మెగావాట్ల సోలార్ కప్పు, బాగుంది. కానీ కార్లో సైకిల్ వేసుకెళ్లి తొక్కి తిరిగొస్తే ఏం మిగిలింది? పెట్రోలు మిగిలేది కూరగాయలకో, మెట్రోకో వెళ్లే ఒకటి రెండు కిలోమీటర్ల దగ్గరే.

రింగ్‌రోడ్_రైడర్: కరెంటు వస్తోంది కదండీ? 4.5 మీటర్ల వెడల్పు, నీడ, పక్కన లారీ ఉండదు. ఊళ్లో రంగు గీత గీస్తే మధ్యాహ్నానికల్లా దాని మీద ఆటోలు ఆగుతాయి.

పాదచారి_మియాపూర్: ఆ ప్యానెళ్లు గోడౌన్ మీద పెట్టినా కరెంటు వస్తుంది. గీత కాదు, గట్టుతో విడదీసిన దారి అడుగుతున్నా.

సివిల్_సత్తెన్న: ముందు ఫుట్‌పాత్ ఎత్తు చూడండి. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) పాదచారుల ప్రమాణం 103 ప్రకారం ఫుట్‌పాత్ గట్టు 150 మి.మీ. దాటకూడదు, అడ్డం లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు. మన దగ్గర అడుగు ఎత్తు కడతారు. పాత తారు గీకకుండా పైన పొర మీద పొర వేస్తారు, గట్టు మునుగుతుందని ముందే పెంచుతారు. అంత ఎత్తు కడితే ఇక ప్రతి గేటు ముందూ ఫుట్‌పాత్‌ను కోసి ర్యాంపు దించాల్సి వస్తుంది. ఎక్కి దిగలేక జనం రోడ్డెక్కుతారు. ఫుట్‌పాత్ మట్టంగా సాగాలి, ర్యాంపు గట్టు అంచులోనే అయిపోవాలి.

వార్డువాసి: ఫుట్‌పాత్ ఎక్కకుండా అడ్డంగా పొట్టి స్తంభాలు పాతినా బైకులు ఆగవు. వీల్‌చెయిర్‌కు వదిలే 90 సెం.మీ. సందులో స్కూటీ దూరుతుంది.

రింగ్‌రోడ్_రైడర్: ఎత్తు తగ్గిస్తే వానకు షాపుల్లోకి నీళ్లొస్తాయి!

సివిల్_సత్తెన్న: నీళ్లొచ్చేది మోరీ జాలీలు పూడితే. జనం రోడ్డు దాటే క్రాసింగ్‌ను ఫుట్‌పాత్ మట్టానికి లేపినప్పుడు ఎగువ పక్కన జాలీ పెట్టకపోతే మాత్రం నీళ్లు నిలుస్తాయి.

రింగ్‌రోడ్_రైడర్: ఎత్తు, ఎత్తు అని ఎన్నిసార్లండీ! మా షాపు ముందు బండ్లు ఆగే చోటు పోతుందా లేదా? అది చెప్పండి.

పాదచారి_మియాపూర్: ఒక పక్క పోతుంది. 60 అడుగుల రోడ్డంటే 18 మీటర్లు. ఒక్కో పక్క స్తంభాలతో కలిపి ఫుట్‌పాత్ 2.4, సైకిల్ దారి 2, విడదీసే గట్టు 0.5. మిగిలేది 8.2. బండ్ల రాకపోకలకు 6, పార్కింగ్‌కు 2.

రింగ్‌రోడ్_రైడర్: ఏ పక్క? మొదటి పోస్టులోనే చెప్పాల్సింది ఇది.

పాదచారి_మియాపూర్: గేట్లు ఎక్కువున్న పక్క. అక్కడ ఎలాగూ వరసగా బండ్లు పెట్టలేరు. సరుకు దించే ఆటోకు ఉదయం 8 లోపు వదలాలి.

రింగ్‌రోడ్_రైడర్: మాకు సరుకు 11కి వస్తుంది. ఒప్పుకోను.