‘మంచు’ ఒక్కటే మాట: నేలనంతా కప్పిన మంచును తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఒక చారిత్రక ప్రేమకథ రాస్తున్నాను. కాలం 1307 చలికాలం, చోటు స్కాట్లండ్. రాజు రాబర్ట్ బ్రూస్ జబ్బుపడి, ఈశాన్యాన హంట్లీ దగ్గర స్లియోఖ్ అనే చోట తన కొద్దిపాటి సైన్యంతో తలదాచుకున్నాడు. ఎదుట దండు దిగినవాడు బకన్ ప్రభువు జాన్ కమిన్. అంతకు ముందటి ఏడాది మార్చిలో స్కోన్‌లో బ్రూస్‌కు కిరీటం పెట్టింది ఎవరో కాదు, ఈ కమిన్ భార్య ఇసబెల్లాయే. ఆ నేరానికి ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఆమెను బెరిక్ కోటలో పంజరంలో పెట్టించాడు. ఆ రాజు 1307 జులైలో పోయినా పంజరం తలుపు మాత్రం తెరుచుకోలేదు. నా కథానాయిక ఆ పంజరం దగ్గరికి తిండీ నీళ్ళూ తీసుకువెళ్ళే బెరిక్ పడుచు. నాయకుడు స్లియోఖ్‌లో రాజు పక్షాన ఉన్న విలుకాడు. ఈ ఇద్దరే నా కల్పన.

ఇక నా ఇబ్బంది. అబర్దీన్‌లో మతాధికారిగా ఉన్న జాన్ బార్బర్ 1370లలో బ్రూస్ కథను పాతకాలపు స్కాట్స్ భాషలో దీర్ఘకావ్యంగా రాశాడు. దాన్ని ఆయనే ‘రొమాన్స్’ అన్నాడు. స్లియోఖ్ ఘట్టంలో కాలాన్ని ఒక్క ముక్కలో చెబుతాడు: మార్టిన్ పండుగ దాటింది, నేలనంతా మంచు కప్పింది. ఈ ముక్కను ఒక అధ్యాయానికి తలకట్టుగా పెట్టాలని ఆశ. ‘నేలంతా మంచు కురిసింది’ అని రాసి మా పెద్దమ్మకు వినిపిస్తే, ‘ఇంకేం, శనగకు మంచిదే కదా’ అన్నారు. ఆవిడ కళ్ళకు కట్టింది తెల్లవారుజామున శనగ చేల మీద పడే మంచు. తప్పు ఆవిడది కాదు, నా వాక్యానిది. ‘హిమం’ అంటే క్యాలెండర్ బొమ్మలా ఉంది. ‘తుహినం’ అంటే విలుకాడి నోట పలకదు. గుర్రం మోకాలి లోతున దిగబడే ఆ మంచుకు మనకు మాట లేదా? పెద్దలు చెప్పాలి.

జవాబు

మంచి చిక్కు తెచ్చారండీ. మొన్నటి నుంచీ ఇదే ఆలోచన.

ముందు నిఘంటువు సంగతి. చిన్నప్పుడు వల్లెవేసిన అమరం, అదే అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశం, గుర్తుందా? ‘అవశ్యాయస్తు నీహారస్తుషారస్తుహినం హిమమ్, ప్రాలేయం మిహికా చాథ హిమానీ హిమసంహతిః’. మొదటి ఏడూ ఒకే వరసలో కట్టేశాడు అమరసింహుడు. రేపొద్దున గడ్డి మీద పడేది ఏది, కొండ మీద గడ్డకట్టేది ఏది అని అడిగితే అక్కడ జవాబు దొరకదు. సంస్కృతం వైపు పరుగెత్తినా మీకు పేర్లే పెరుగుతాయి, తేడా తెలియదు. ఒక్కటి మాత్రం వేరుగా నిలబెట్టాడు: హిమాని, అంటే హిమసంహతి, పోగుపడ్డ మంచు. అరణ్యం పెద్దదైతే అరణ్యాని అయినట్టే హిమం పెద్దదైతే హిమాని. భూగోళం పుస్తకంలో చదువుకున్న హిమానీనదం ఇందులోంచి వచ్చిందే. అర్థానికి మీకు కావలసిన మాట ఇదే. కానీ మీ విలుకాడు దీన్నీ పలకలేడు.

తెలుగులో మంచు నడుమ నడిచిన ప్రేమకథ మనకు లేకపోలేదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు, తనను అంతదూరం చేర్చిన కాలి పసరు కరిగిపోయి ఇంటిదారి తెలియక చిక్కుకున్నది మంచుకొండ మీదే కదా. అక్కడ పెద్దన ఏం చేశాడో చూడండి. ‘అటజని కాంచె’ పద్యంలో ఆకాశాన్ని తాకే శిఖరాలూ, సెలయేళ్ళూ, అలలూ, నెమళ్ళూ, ఏనుగులూ అన్నీ వచ్చాక, చిట్టచివర ‘శీతశైలమున్’ అని ఆపాడు. ఆ పద్యానికి చలి ఆ ఒక్క మాటే. ఎన్నిసార్లు చదివినా ఒళ్ళు జలదరిస్తుంది నాకు. అయితే కథ మలుపు తిరిగింది ఆ వర్ణనలో కాదు, పసరు ‘కరగడం’లో. అంటే ఒక క్రియలో.

నేను చెప్పదలచింది ఇదే. మీరు నామవాచకం కోసం వెతుకుతున్నారు. తెలుగు ఈ తేడాను క్రియలో దాచుకుంది. మంచు కమ్మింది అంటే బస్సులు దీపాలు వేసుకుని మెల్లగా నడిచే పొగమంచు. మంచు పట్టింది అంటే ఆకుల మీద, బండి సీటు మీద తడి. మంచు పేరింది అంటే చలికి నెయ్యి పేరినట్టు గట్టిపడింది. పోయేటప్పుడు చూడండి, తేడా ఇంకా స్పష్టం. పొగమంచు విడిపోతుంది. గడ్డి మీది మంచు ఆరిపోతుంది. కొండ మీది మంచు కరుగుతుంది. ‘మంచు ఆరింది’ అని ఎవరైనా అంటే హిమాలయం గుర్తుకొస్తుందా? రాదు. మంచు అనే మాటలో బీదతనం ఏమీ లేదండీ, పక్కన సరైన క్రియ లేకపోతేనే అది బీదది. మీ వాక్యాన్ని పొలానికి తోలింది ‘కురిసింది’. మన దగ్గర మంచు కురిసేది పంట మీదే.

బార్బర్ వాడిన క్రియ ‘హీలిట్’. ఇప్పటి ఇంగ్లిష్‌లో దాదాపు మరుగైపోయిన పాత మాట. కప్పడం, దాచడం రెండూ దాని అర్థాలే. జర్మన్‌లో దాని చుట్టం ‘హేలెన్’కు ఇప్పటికీ దాచిపెట్టడం అనే అర్థం. మన ‘కప్పు’ కూడా సరిగ్గా అంతే! కప్పిపుచ్చడం అంటున్నాం కదా. ఇంటికి పైన ఉండేదీ కప్పే. జ్వరంతో వణికేవాడికి దుప్పటి కప్పుతాం, ప్రాణం పోయినవాడికి గుడ్డా కప్పుతాం. రాజు బతుకుతాడో లేదో తెలియని ఆ రోజుల్లో, దాక్కున్న చోట, మంచు నేలను ‘కప్పింది’ అంటే ఇన్నీ పలుకుతాయి. ‘పరచుకుంది’ అని మాత్రం రాయకండి, అది వెన్నెలకు రాసే మాట.

మరొకరి జవాబు

పైవారి మాటకు నా వంతు బలం. గ్లాస్గో విశ్వవిద్యాలయం వారు స్కాట్స్ భాషకు చారిత్రక పదకోశం కూర్చుతూ మంచుకు సంబంధించి 421 మాటలు లెక్కతేల్చినట్టు 2015లో ప్రకటించారు. అన్నీ మీ కథాకాలం నాటివి కావు. ఐనా వాటిలో ‘ఫీఫుల్’ అనేది చూడండి: మూలమలుపు దగ్గర మంచు సుడి తిరగడం. వస్తువుకు కాదు, అది చేసే పనికి పేరు. ‘అన్‌బ్రాక్’ అంటే మంచు కరగడం మొదలైన తరుణం. మంచు బాగా పడే దేశంలోనూ చూపంతా మంచు ఏం చేస్తోందన్న దాని మీదే ఉంది.

ఒక చిన్న మనవి. బ్రూస్‌ను స్లియోఖ్ నుంచి మోసుకుపోయారని బార్బర్ చెప్పిన దానికి మీరు పల్లకీ అని రాస్తారేమోనని భయం. దయచేసి డోలీ అనండి. మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి ఈరోజుకీ జబ్బుమనిషిని కర్రకు కట్టి మోసుకొచ్చేది డోలీలోనే. పల్లకీ అంటే పెళ్ళి గుర్తుకొస్తుంది, డోలీ అంటే మోసేవాళ్ళ భుజాలు గుర్తుకొస్తాయి.

మార్టిన్ పండుగను అలాగే ఉంచండి. నవంబరు 11 అది. చలికాలానికి సరిపడా పశువులను కోసి ఉప్పువేసి దాచుకునే రోజులు. ఒక్క వాక్యంలో ఆ ఉప్పు వాసన తగిలిస్తే చాలు, కింద వివరణ అక్కర్లేదు. కార్తీకమనో మార్గశిరమనో మార్చారంటే మళ్ళీ శనగ చేలోకే వెళ్తాం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. డోలీ అన్న మాట చదవగానే ఆ అధ్యాయం మొత్తం మళ్ళీ రాయాలని తెలిసిపోయింది. ఇంతవరకూ నా విలుకాడు పక్కన నడుస్తున్నాడు. ఇప్పుడు కర్ర అతని భుజానికెక్కింది.

తలకట్టు ఇలా మార్చాను: ‘మార్టిన్ పండుగ వెళ్ళింది. మంచు పేరి పేరి నేలనంతా కప్పివేసింది.’ పెద్దమ్మకు మళ్ళీ వినిపించాను. కాసేపు ఊరుకుని, ‘మరి గొడ్లకు మేత ఎట్లా?’ అన్నారు.

ఒక సందేహం మిగిలింది. బెరిక్ పంజరంలో ఇసబెల్లా నాలుగు చలికాలాలు గడిపింది. ఊచల మీద పొద్దున్నే తెల్లగా కనిపించేదానికి ‘మంచు పట్టింది’ అనాలా, ‘పేరింది’ అనాలా? నా పడుచు దాన్ని వేలితో గీకి చూస్తుంది.

జవాబు

గీకితే రాలుతుందంటే పేరిందేనండీ. వేలు తడి అయితే పట్టింది. మీ పడుచు వేలు ఏమంటుందో అదే రాయండి.