బెంగళూరు మిద్దె మీద ఆలివ్ కాస్తుందా? ఆ చెట్టుకు అంత గౌరవం ఎందుకు?

మిద్దెతోట_జయనగర్:
ఇక్కడి నర్సరీల్లో ఆలివ్ మొక్కలు అమ్ముతున్నారు. మిద్దె మీద కుండీలో పెడితే కాయలు కాస్తాయా? ఇంకో సందేహం కూడా. గ్రీకులు, యూదులు, క్రైస్తవులు, ముస్లింలు అందరూ ఈ ఒక్క చెట్టును ఎందుకంత నెత్తిన పెట్టుకున్నారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఎర్రమట్టి:
చెట్టు బతుకుతుందండి, కాయ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆలివ్‌కు పూత రావాలంటే చలికాలంలో కొన్ని వారాలు రాత్రి చలి 10 డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలి. జనవరిలోనూ మన దగ్గర సగటున 15 డిగ్రీలు. అందుకే మొగ్గ ఆకుగానే విచ్చుకుంటుంది. రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ సాయంతో తోటలు వేయగలిగింది అక్కడి చలి వల్లే.

ఆకు అందం చాలనుకుంటే 16 అంగుళాల కుండీ తీసుకోండి. సగం ఎర్రమట్టి, మిగతాదాంట్లో ముతక ఇసుక ఎక్కువ, మాగిన పశువుల ఎరువు తక్కువ. రోజుకు 6 గంటల ఎండ తగలాలి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు. వానాకాలంలో కుండీ కింద పళ్లెం తీసేయండి. ఇక్కడ ఈ మొక్కలను చంపేది ఎండ కాదు, వేరుకుళ్లు. ఆకు పసుపెక్కితే నీళ్లు చాలలేదని ఇంకా పోస్తారు, దాంతో వేరు పూర్తిగా పోతుంది.

నూనెగానుగ:
రెండో ప్రశ్నకు నా జవాబు: మధ్యధరా సముద్ర తీర ప్రాంతపు తిండి, దీపం, ఒంటికి రాసుకునే నూనె అన్నీ ఈ చెట్టువే. కాయలను రాతి తిరగలిలో ముద్ద చేసి, అల్లిన చాపల్లో పరిచి, ఒకదానిమీద ఒకటి పేర్చి పొడవాటి దూలంతో నొక్కేవారు. నూనెతోపాటు నల్లటి చేదునీళ్లూ కారతాయి. తొట్టిలో కాసేపు కదపకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది, తేర్చుకోవడమే. 5, 6 కిలోల కాయకు సుమారు లీటరు. కోసిన కాయలను రోజుల తరబడి కుప్పపోస్తే వేడెక్కి పులుస్తాయి, నూనెకు ముక్కవాసన పడుతుంది. మన గుళ్లలో నువ్వుల నూనెలా, యూదుల పూజా గుడారంలోని దీపానికి స్వచ్ఛమైన ఆలివ్ నూనే పోయాలని బైబిల్ నిర్గమకాండం చెబుతుంది. ఖురాన్ 95వ సూరా (అధ్యాయం) అంజూరం, ఆలివ్‌ల మీద ప్రమాణంతో మొదలవుతుంది.

ఇక దాని మొండి ప్రాణం చూడండి. నరికినా, కాల్చినా మొదట్లోంచి పిలకలు వేస్తుంది. క్రీ.పూ. 480లో పర్షియా సేన ఏథెన్స్ కొండమీది కోట అక్రోపొలిస్‌ను తగలబెడితే, అక్కడి ఎథీనా దేవి ఆలివ్ చెట్టు మర్నాటికే మూరెడు పిలక వేసిందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అయితే తోట నిండుగా కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. శత్రుసేన తోట నరికితే ఆ దెబ్బ పిల్లల తరం దాకా తగులుతుంది. అంటే తోట నిలిచేది శాంతి ఉన్నప్పుడే. పాతకాలపు గ్రీకుల్లో శరణు కోరేవాళ్లు ఆలివ్ కొమ్మ పట్టుకోవడం, 1946 నాటి ఐక్యరాజ్యసమితి చిహ్నంలో ఆ కొమ్మలుండడం ఈ కోణంలో చూస్తే బాగా అర్థమవుతాయి.

మిద్దెతోట_జయనగర్:
చాలా థాంక్సండి. చెట్టు మీది కాయ కోసి అలాగే తినొచ్చా?

నూనెగానుగ:
నోట పెట్టలేరు. ఒల్యురోపిన్ అనే పదార్థం వల్ల విపరీతమైన చేదు. పచ్చికాయలకు గాటు పెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ 10 రోజులు నానబెట్టాలి. తర్వాత లీటరు నీళ్లకు 100 గ్రాముల ఉప్పు కలిపి, అందులో కనీసం నెల ఊరనివ్వాలి. కాయలు తేలకుండా పైన బరువు పెట్టాలి, గాలి తగిలినవి మెత్తబడి బూజు పడతాయి. కొట్లో కొన్న సీసా కాయలు మరీ ఉప్పగా ఉంటే అరగంట మంచినీళ్లలో వేసి తీయండి.