ఈఏపీసెట్ ర్యాంకు 41 వేలు, కాలేజీ వాళ్ళు ఇంటికే వచ్చేస్తున్నారు. ఏం చెయ్యాలి?

సూర్యాపేట అన్న:
మా చెల్లికి తెలంగాణ ఇంజినీరింగ్ ఎంట్రన్స్ టీజీ ఈఏపీసెట్‌లో 41 వేల ర్యాంకు వచ్చింది, బీసీ-డి. రిజల్ట్స్ రోజు సాయంత్రం నుంచే ఫోన్లు మొదలయ్యాయి, మా నంబరు వాళ్ళకి ఎలా దొరికిందో అర్థం కాదు. నిన్న ఒక కాలేజీ పీఆర్‌వో ఏకంగా ఇంటికొచ్చాడు, వెంట చెల్లికి ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పిన సారు, అందుకే మా నాన్న మొహమాటపడి టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) గ్యారంటీ, బస్ ఫీజు సగం మాఫీ, ల్యాప్‌టాప్ ఫ్రీ అన్నాడు. చివర్లో "కౌన్సెలింగ్‌లో కాలేజీ, బ్రాంచ్ ఎంచుకునే వెబ్ ఆప్షన్లు మేమే పెట్టేస్తాం, లాగిన్ ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వండి, ఒరిజినల్ మెమోలు కూడా మా దగ్గరుంటే మంచిది" అన్నాడు. నాన్నకి ఇది బాగానే ఉందనిపించింది. చెల్లేమో ఇద్దరు ఫ్రెండ్స్ అక్కడే చేరుతున్నారు, బస్ మా సందు చివరే ఆగుతుంది, అదే కావాలంటోంది. బస్ చూసి కాలేజీ ఎంచుకుంటారా ఎవరైనా?

పాత పీఆర్‌వో:
రెండేళ్ళు ఇదే పని చేశాను తమ్ముడూ. నంబర్లు ఇంటర్ కాలేజీల నుంచే వస్తాయి. మాకు సీజన్‌కి ఇన్ని అడ్మిషన్లని టార్గెట్, తలకింత కమీషన్, అందులో వెంట వచ్చే సారుకీ వాటా. ల్యాప్‌టాప్ ఇస్తామని నేనూ చెప్పాను, ఎవరికైనా ఇవ్వగా మాత్రం చూడలేదు.

అసలు మెలిక పాస్‌వర్డ్ దగ్గరే ఉంది. కన్వీనర్ సీటు, అంటే కౌన్సెలింగ్‌లో వచ్చేది, కంప్యూటర్ ఇస్తుంది, ర్యాంకు, కేటగిరీ చూసి ఆప్షన్ల లిస్టులో పైనుంచి మొదట ఏది దొరికితే అది. మేమేం చేసేవాళ్ళమంటే, మా కాలేజీ సీఎస్ఈ, దాని కిందే ఈసీఈ, ట్రిపుల్ఈ, సివిల్, మెకానికల్, అన్నీ వరసగా పైన పెట్టేసేవాళ్ళం. సీఎస్ఈ రాకపోతే మా సివిల్‌లో పడుతుంది, ఎనిమిదో ఆప్షన్‌గా ఉన్న ఇంకో కాలేజీ సీఎస్ఈ దాకా లిస్టు పోనే పోదు. సివిల్, మెకానికల్ సీట్లు నింపుకోవాలి కదా మరి! ఇక కన్వీనర్ కోటాలో గ్యారంటీ అనే మాటే అబద్ధం, గ్యారంటీగా అమ్ముకోగలిగింది కాలేజీ తనే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా 30 శాతమే.

ఫైనల్ ఇయర్ అమ్మాయి:
బస్సుని అంత తీసిపారేయకండి అన్నా. నేను రోజూ పోనూ రానూ మూడున్నర గంటలు తిరిగాను, మొదటి సెమ్‌లో రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయంటే సగం ఆ పుణ్యమే. ఫ్రెండ్స్ మాత్రం దసరాకల్లా వేరే గ్యాంగులు చూసుకుంటారు, దానికోసం చేరొద్దని చెప్పండి. ఫ్లెక్సీ మీద హైయెస్ట్ ప్యాకేజ్ ఒక్కడిది, వాడు ఏ కాలేజీలో ఉన్నా కొట్టేవాడే. మీ బ్రాంచ్‌లో ప్లేస్‌మెంట్లకి ఎంతమంది కూర్చున్నారు, ఎంతమందికి ఆఫర్ వచ్చింది అని అడగండి. మా దగ్గర ఒకే అబ్బాయికి మూడు ఆఫర్లొస్తే మూడు ప్లేస్‌మెంట్లుగా రాసుకున్నారు.

నల్లగొండ లెక్చరర్:
కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే పోయినేడాది లాస్ట్ ర్యాంకుల పీడీఎఫ్ ఉంటుంది, అందులో బీసీ-డి గర్ల్స్ కాలమ్ చూడండి, పీఆర్‌వో మాటకంటే అది నయం. ర్యాంకుకి కొంచెం అందనివి కూడా ధైర్యంగా పైన పెట్టండి, పోయేదేం లేదు. ఇంకోటి, బీసీలకి మామూలుగా పదివేల లోపు ర్యాంకుకే పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్, దాటితే ఏడాదికి 35 వేల రూపాయల వరకే. మిగతాది మీ నాన్నే కట్టాలి, ఆ లెక్క పీఆర్‌వో చెప్పి ఉండడు. ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. జిరాక్సులు ఇవ్వండి, చాలు.

సూర్యాపేట అన్న:
అందరికీ థాంక్స్. తీరా చూస్తే నాన్న నిన్ననే పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చేశాడట! రాత్రికి రాత్రే మార్చేశాం. చెల్లి తనే కూర్చుని ఇరవై ఆరు ఆప్షన్లు రాసుకుంది, బస్ కాలేజీ సీఎస్ఈ నాలుగోది, దాని సివిల్ అసలు లేదు. పొద్దున్నే ఫిజిక్స్ సారు ఫోన్ చేశారు, "ఏమ్మా, పాస్‌వర్డ్ తప్పని వస్తోంది" అని.